కిటికీ వెలుగులో పెళ్లికూతురి ఫొటోలు

ముహూర్తం రాత్రిదైతే అలంకరణ పూర్తయ్యేసరికి పొద్దు గుంకిపోతుంది. కిటికీ వెలుగులో ఫొటోలు కావాలంటే పెళ్లికూతుర్ని చేసే రోజు ఉదయమే తీయాలి. లేదంటే బ్యూటీషియన్‌తో ముందే మాట్లాడి, సాయంత్రం 4 గంటలకల్లా చీర కట్టడం, నగలు పెట్టడం అయ్యేలా చూసుకోవాలి. 20 నిమిషాలు దొరికితే చాలు.

విడిది గదిలోకి వెళ్లగానే ట్యూబ్‌లైట్లు, అద్దం చుట్టూ ఉన్న బల్బులు అన్నీ ఆర్పేయండి. చీకటిగా ఉందంటూ ఎవరో ఒక పిన్నిగారు మళ్లీ వేస్తారు, స్విచ్‌బోర్డు దగ్గర మీ మనిషిని నిలబెట్టండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకోటి పసుపుగా వస్తుంది. ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. ఆకుపచ్చ, గులాబీ గోడలకు ఆనించి కూర్చోబెట్టినా అంతే, ఆ రంగు చర్మానికి ఎక్కుతుంది.

కిటికీలోంచి నేరుగా ఎండ పడుతుంటే ఊచల నీడలు ముఖం మీద గీతలు గీస్తాయి. తెల్ల పంచె ఒంటిపొరగా అడ్డం కట్టండి. రంగు కర్టెన్ మాత్రం వద్దు.

పెళ్లికూతురు కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే ఒక చెంప తెల్లగా పాలిపోయి, రెండోది చీకట్లో కలిసిపోతుంది. పీట మీద కూర్చోబెడితే వెలుగు పైనుంచి పడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి, అందుకని స్టూలు వేయండి. కళ్లు కిటికీ మధ్య ఎత్తుకు రావాలి. ఇప్పుడు ముఖం మెల్లగా కిటికీ వైపు తిప్పమనండి. అవతలి చెంప మీద చిన్న వెలుగు ముక్కోణం, రెండు కళ్లలో కిటికీ మెరుపు కనిపించగానే ఆపమనండి. గడ్డం దించితే పాపిటబిళ్ల నీడ నుదుటి మీద పడి బొట్టును మింగేస్తుంది.

నగల దగ్గరే చాలామంది పొరబడతారు. బంగారం అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. ఎదురుగా చీకటి గది ఉంటే కాసులపేరు నల్లగా వస్తుంది. పెళ్లికూతురికి కిటికీ లేని పక్కన, రెండడుగుల దూరంలో తెల్ల థర్మకోల్ షీటు పట్టించండి. వడ్డాణం ఫొటో తీసేటప్పుడు షీటును నడుము ఎత్తుకు దించాలి. షీటు లేకపోతే తెల్ల దుప్పటి మడతపెట్టినా పని జరుగుతుంది.

కెమెరాకు 85 మి.మీ. లెన్స్, గది చిన్నదైతే 50. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకెను ఎఫ్/2.8 దగ్గర మొదలుపెట్టండి. ఇంకా ఎక్కువ తెరిచి ఎఫ్/1.8లో దగ్గరగా తీస్తే ఒక కన్నే స్పష్టంగా వస్తుంది. షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 400 నుంచి 1600 దాకా. పసుపు రాసిన ముఖాన్ని, ఎర్రచీరను చూసి ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తానే రంగులు సరిచేసుకోవడం) షాటు షాటుకీ మారిపోతుంది. దాన్ని 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర కట్టేయండి. ఎండ లేకుండా ఆకాశం వెలుగే వస్తుంటే 6500. వెనక చీకటిగా ఉంటే కెమెరా గదిని వెలిగించబోయి ముఖాన్ని, జరీని తెల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో వెలుగును) -0.7కు తగ్గించండి. పగటి ముహూర్తానికి మధుపర్కాల తెల్లచీర కట్టి, అది ఫ్రేమును నింపేస్తే సంగతి తిరగబడుతుంది, +0.7 కావాలి.

పూలజడకు కిటికీ సరిగ్గా పక్కన ఉండాలి, వెలుగు జడ మీదుగా జారుతూ పోవాలి. అప్పుడే ఒక్కో మొగ్గా విడిగా తేలుతుంది. దీనికి థర్మకోల్ తీసేయండి.

ఫోన్‌తో తీసేవాళ్లు ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు తగ్గేలా వేలిని కాస్త కిందికి జరపాలి. వెనకదంతా మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి వెళ్లకండి, చెవి బుట్టల అంచులను, మల్లెపూలను కత్తిరించేస్తుంది.