వరంగల్‌లో స్కెచ్ కామెడీ సినిమా తీయడం ఎలా?

ఒకే కథ రెండున్నర గంటలు నడిచే సినిమా కాదిది. మూడు నిమిషాలదొకటి, ఏడు నిమిషాలదొకటి, మధ్యమధ్యలో అరనిమిషం ముక్కలు. ఇలా పది పదిహేను చిన్న కామెడీలను (వీటినే స్కెచ్‌లంటారు) కలిపి ఒక్క సినిమాగా కుట్టాలి. దేనికదే వేరే కథ, వేరే మనుషులు. పైగా చూసేవాళ్లు "ఇదేందిరా బై, ఇట్ల గూడ తీస్తరా?" అని నోరెళ్లబెట్టాలి. పెద్ద హీరో, పెద్ద సెట్టు అక్కర్లేదు కాబట్టి హనుమకొండ, కాజీపేట గల్లీల్లో షార్ట్ ఫిలింలు తీస్తున్న పిల్లలకు ఇది చక్కగా సరిపోతుంది. వీలు దొరికిన శని, ఆదివారాల్లో ఒక్కో స్కెచ్ తీసుకుంటూ పోవచ్చు.

ముందు పిట్టల దొర దగ్గర నేర్చుకోండి

ఈ తరహా నవ్వుకు మన దగ్గర పాత గురువే ఉన్నాడు. తుపాకి రాముడన్నా, లత్కోర్ సాబ్ అన్నా, పిట్టల దొర అన్నా ఆయనే. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఊరి నడుమ నిలబడి తన వేట గురించి, తన జాగీర్ల గురించి ఆకాశానికి నిచ్చెన వేసినట్టు కోతలు కోస్తాడు. జనం పడీపడీ నవ్వుతారు, ఆయన మాత్రం నవ్వడు. కోత పెద్దదయ్యే కొద్దీ ముఖం అంత గంభీరమవుతుంది. మీ నటులకు మొదట నేర్పాల్సింది ఇదే. తాను కామెడీ చేస్తున్నానని నటుడికి తెలిసిపోయిందంటే ఆ స్కెచ్ పోయినట్టే.

రాసేవాళ్లకు కూడా ఇక్కడ ఒక నియమం దొరుకుతుంది. ఒక స్కెచ్‌కు ఒక్కటే అబద్ధం, మిగతాదంతా నిజం. రెండో అబద్ధం కలిపితే చూసేవాడు పట్టు వదిలేస్తాడు. బూతు, వాంతి, దెబ్బలు ఎన్ని గుప్పించినా ఈ పునాది లేకపోతే నవ్వు రాదు. 2013లో వచ్చిన హాలీవుడ్ స్కెచ్ సినిమా 'మూవీ 43'లో హ్యూ జాక్‌మన్, కేట్ విన్స్‌లెట్ అంతటివాళ్లు నటించారు. అయినా దానికి దక్కింది ఆ ఏటి చెత్త సినిమాగా 'రాజ్జీ' (Razzie) అవార్డు.

ఒక స్కెచ్ కట్టి చూద్దాం

ఎనుమాముల మార్కెట్ యార్డు తీసుకోండి. అబద్ధం ఏమిటంటే, ఇక్కడ మిర్చి బదులు పెళ్లికొడుకులను అమ్ముతారు. అంతే. ఇక మిగతాదంతా యార్డులో రోజూ జరిగేదే ఉండాలి. తండ్రులు ట్రాలీ ఆటోల్లో కొడుకులను తెస్తారు, గేటు దగ్గర ఎంట్రీ రాయిస్తారు. పిల్లలు బస్తాల మీద వరుసగా కూర్చుంటారు. ఆడపిల్లల తండ్రులు ఖరీదుదారులు. అడ్తిదారు, అంటే కమీషన్ ఏజెంటు, ముందు నడుస్తూ ఒక్కొక్కరినీ తిప్పి చూస్తాడు.

"ఏం రకం?"
"సాఫ్ట్‌వేరే, హైదరాబాద్‌ల."
"ఇది చపాటా రకం. సూస్తే ఎర్రగున్నడు గని కారం లేదు."

వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆ సంగతి తెలిసినవాడు ఈ మాటకు ఇంకాస్త ఎక్కువ నవ్వుతాడు, తెలియనివాడికీ నష్టం లేదు. ఊరి వివరం వేసేటప్పుడు ఇలా రెండువైపులా పనిచేసేదే ఎంచుకోండి.

ఇప్పుడు మెట్టు మెట్టుగా పెంచాలి. జెండా పాటలో, అంటే యార్డులో మొదట పాడే వేలంలో, అమెరికా పిల్లగాడికి రికార్డు ధర పలుకుతుంది. మిగతా తండ్రుల మొహాలు వెలిగిపోతాయి. తీరా వాళ్ల వంతు వచ్చేసరికి ధర సగానికి పడిపోతుంది. ఎందుకంటే "తేమ ఉన్నది" అంటాడు ఖరీదుదారు. "తేమ కాదు సారూ, ఏడుస్తుండు" అంటాడు తండ్రి. ఒక పిల్లగాడు లేచి తనకు కట్నమే వద్దంటాడు. యార్డంతా ఒక్కసారి నిశ్శబ్దం. అడ్తిదారు తల కూడా ఎత్తకుండా "తాలు, పక్కకు పెట్టున్రి" అంటాడు, నాసిరకం మిర్చిని అన్నట్టే. సాయంత్రానికి అమ్ముడుపోని కొడుకులు మిగులుతారు. ఏం చేయాలని తండ్రులు అడిగితే జవాబు: "రేటు వచ్చేదాక కోల్డ్ స్టోరేజీల పెట్టున్రి." పంచెల్లో, బాసింగాలతో గజగజ వణుకుతున్న పెళ్లికొడుకుల వరుస చూపించి కట్ చేయండి. ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దు.

దీంట్లో దెబ్బ ఎవరి మీద పడిందో చూడండి. కట్నం మీద పడింది, జెండా పాట ఒకరికి పాడి మిగతావాళ్లకు కోత పెట్టే పద్ధతి మీద పడింది. రైతు మీద పడలేదు. ప్రతి స్కెచ్ రాశాక ఈ ప్రశ్న వేసుకోవాలి. కులం, ఒంటి రంగు, వైకల్యం మీద నవ్వించడం తెగువ కాదు, సోమరితనం. బలమున్నవాడి మీద నవ్వడానికే తెగువ కావాలి.

యాస సంగతి

తెలంగాణ మాటను చాలాకాలం సినిమాల్లో రౌడీకో, పనిమనిషికో, జోకరుకో ఇచ్చారు. మీరు తీసే సినిమాలో కలెక్టరమ్మ, డాక్టరు, హీరోయిన్ అందరూ ఆ మాటే మాట్లాడాలి. నవ్వు యాసలోంచి కాదు, పరిస్థితిలోంచి రావాలి. డైలాగ్ పేపర్ మీద రాశాక నర్సంపేట నటుడిని ఒకలా, జగిత్యాల నటుడిని ఒకలా చెప్పనివ్వండి. అందరినీ ఒకే మూసలో దిద్దకండి. మిమిక్రీ అనే కళను దేశమంతా గౌరవించేలా చేసిన పద్మశ్రీ నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు వరంగల్. గొంతులను శ్రద్ధగా వినడం మన ఊరికి కొత్త కాదు.

ముక్కలను కలిపే దారం

స్కెచ్‌ల మధ్య ఏదో ఒక దారం ఉండాలి. కాజీపేట జంక్షన్‌లో రాని రైలు కోసం ఎదురుచూసే ప్రయాణికులు తలా ఒక సంగతి చెప్పుకోవచ్చు. నన్నడిగితే పిట్టల దొరనే పెట్టమంటాను. ప్రతి స్కెచ్‌కు ముందు ఆయన వచ్చి "నేను కండ్లార సూసిన" అని మొదలుపెడితే, తర్వాత ఎంత విడ్డూరం చూపించినా చెల్లుతుంది. ఆ వేషం కట్టే కళాకారులు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, వాళ్ల మాటలు వాళ్లనే చెప్పనివ్వండి.

షూటింగ్

ఫోన్ కెమెరాతో కానివ్వొచ్చు, సౌండ్‌తో మాత్రం రాజీ పడొద్దు. మాట వినబడకపోతే జోకే లేదు. హనుమకొండ చౌరస్తాలో సాయంత్రం హారన్ల మధ్య డైలాగ్ సీన్ పెట్టుకోకండి. కాలర్ మైకులు రెండు కొనండి, తెల్లవారుజామున తీయండి.

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ కిందివి, ముందే అనుమతి తీసుకోవాలి. స్టేషన్‌కైతే రైల్వే అనుమతి, యార్డుకైతే మార్కెట్ కమిటీ అనుమతి. యార్డులో సెలవు రోజు తీస్తే రైతులకు, హమాలీలకు ఇబ్బంది ఉండదు. పిల్లలతో నటింపజేస్తే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, రోజుకు 5 గంటలు మించకూడదు. థియేటర్లో వేసే సినిమాలో మేకపిల్ల కనిపించినా జంతు సంక్షేమ బోర్డు నుంచి కాగితం అడుగుతారు.

డబ్బు అడగడానికి ముందు పది నిమిషాలు

అమెరికాలో జిమ్ అబ్రహామ్స్, జుకర్ సోదరులు స్టేజి మీద స్కెచ్‌లు వేసుకునేవాళ్లు. సినిమాకు పెట్టుబడి దొరకక ముందుగా పది నిమిషాల నమూనా తీసి చూపించారు. దాంతో తయారైందే 1977 నాటి 'ది కెంటకీ ఫ్రైడ్ మూవీ'. మీరూ మొత్తం స్క్రిప్టు పట్టుకుని తిరగకండి. బాగా పండిన రెండు స్కెచ్‌లు తీసి చూపించండి.

ఎడిటింగ్, పరీక్ష

రెండు పెద్ద స్కెచ్‌లు పక్కపక్కన పెట్టకండి, మధ్యలో అరనిమిషం ముక్క వేయండి. తర్వాత మీ స్నేహితులు కానివాళ్లను ఒక ముప్పై మందిని కూర్చోబెట్టి చూపించండి. అన్ని వయసులవాళ్లూ ఉండాలి. గది మూలన ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పెట్టండి. ఇంటికొచ్చి ఆ ఆడియోను సినిమా పక్కన పెట్టి వింటే ఎక్కడ నవ్వారో, ఎక్కడ దగ్గారో, ఎక్కడ కుర్చీలు కదిలాయో సెకన్లతో సహా తెలుస్తుంది. నవ్వు పడని స్కెచ్‌ను, అది ఎంత కష్టపడి తీసిందైనా, తీసేయండి.

థియేటర్‌లో వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. 2023లో చట్టాన్ని సవరించాక యూఏ (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగ్గ) సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి. ఏ విభాగం కావాలో రాసేటప్పుడే అనుకోండి, ఎందుకంటే ఒక్క స్కెచ్ మోటుగా ఉన్నా మొత్తం సినిమాకు 'ఏ' (పెద్దలకు మాత్రమే) పడొచ్చు. అలాంటి స్కెచ్ ఏదైనా ఉంటే, అది తీసేసినా దారం తెగకుండా సినిమాను కట్టుకోండి.