కొలరాడోలో ఎల్క్ వేట: 24వ యూనిట్‌కు ప్రణాళిక

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఫ్లాట్ టాప్స్ పర్వత ప్రాంతంలోని 24వ గేమ్ మేనేజ్‌మెంట్ యూనిట్‌లో (వేట నిర్వహణకు విభజించిన ప్రాంతం) ఎల్క్‌ను (పెద్ద జాతి జింకను) వేటాడదలచినవారు ఆ ఏడాది నిబంధనల పుస్తకాన్ని శీతాకాలంలోనే క్షుణ్ణంగా చదవాలి. డ్రా (దరఖాస్తుదారుల నుండి జరిపే ఎంపిక) ద్వారా లభించే లైసెన్సు నిర్ణీత యూనిట్‌కు, కాలానికి, వేట పద్ధతికి మాత్రమే చెల్లుతుంది. ప్రధాన డ్రాకు దరఖాస్తుల గడువు సాధారణంగా ఏప్రిల్ ఆరంభంలోనే ముగుస్తుంది. 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ జన్మించినవారికి వేట శిక్షణ ధ్రువపత్రం అవసరం.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పటం మీద. మంచు దట్టంగా పడితే ఎల్క్ మందలు ఎత్తైన అడవుల నుండి లోయలకు దిగుతాయి కనుక, వేట తేదీలను బట్టి ఎత్తును ఎంచుకొని, ప్రత్యామ్నాయ స్థలాలను కూడా గుర్తించుకోవాలి. లోయల్లో ప్రైవేటు భూములు ఎక్కువ. హెచ్చరిక బోర్డు లేకపోయినా యజమాని అనుమతి తప్పనిసరి.

రైఫిల్ కాలంలో కనీసం 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు ఫ్లోరసెంట్ దుస్తులు ధరించాలి.

చాలామంది ఉపేక్షించేది మాంసం తరలింపును. మగ ఎల్క్ బరువు 300 కిలోలు దాటవచ్చు. వైల్డర్‌నెస్ (చట్టరక్షిత అరణ్య ప్రాంతం) హద్దుల్లో మోటారు వాహనాలు నిషిద్ధం కాబట్టి, గుర్రాలు లేనివారు దారికి దూరంగా వేటాడకపోవడమే మేలని నా అభిప్రాయం. వేట ముగిసిన వెంటనే చర్మం తీసి, మాంసాన్ని గాలి ఆడే గుడ్డసంచుల్లో నీడన చల్లార్చాలి.