తిత్లీ కర్రలు నేర్పిన పొయ్యి పని

కంచిలి నుంచి సోంపేట వెళ్ళే రోడ్డు పక్కన మాది చిన్న టిఫిన్ కొట్టు. తెల్లారి నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పదింటి దాకా ఇడ్లీ పాత్ర కింద మంట ఆగకూడదు. దోశల పెనానికి గ్యాసు వాడతాను. ఆరు గంటలు ఆవిరి తగ్గకుండా ఉండాల్సిన ఇడ్లీకి మాత్రం కర్రల పొయ్యే. దానికి కూడా కమర్షియల్ సిలిండర్ పెడితే ఇక మిగిలేదేమీ ఉండదు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. మా శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు చాపలా పడిపోయాయి. మావి రెండు జీడిచెట్లు, గట్టు మీద సరుగుడు మొత్తం పోయాయి. మా ఆయనా మా మరిదీ నరికి కొట్టు వెనక గుట్ట పోశారు. చెట్లు పోయిన బాధ ఒకపక్క, ఏడాదికి సరిపడా కర్ర ఊరికే వచ్చిందన్న ఆశ ఒకపక్క. ఆ చలికాలమంతా కళ్ళు నలుపుకుంటూనే ఉన్నాను. కర్ర బుస్సుమంటుంది, చివర నురగ కక్కుతుంది, మండదు. మా అత్త వచ్చి చూసి ఒకటే మాట అంది: "ఏటే, పొయ్యికి నీళ్ళు తాగిస్తన్నావేటి?"

నిజమే. అప్పుడే నరికిన కర్ర బరువులో దాదాపు సగం దాకా నీళ్ళే ఉంటాయి. పది కిలోలు పొయ్యిలో పెడితే అందులో నాలుగైదు లీటర్ల నీళ్ళు ఆవిరైపోవాలి. ఆ వేడంతా నా ఇడ్లీకి రావాల్సింది. పైగా తడి వల్ల మంట చల్లబడి, కర్రలోంచి వచ్చే ఆవిరులు అంటుకోకుండానే పొగగా బయటికి పోతాయి. పొగంటే మండకుండా పోయిన కర్రే, మనం డబ్బు పెట్టి కొన్నదే.

అందుకే ఇప్పుడు కర్ర పని సంక్రాంతి దాటగానే మొదలుపెడతాను. సరుగుడు కొని, మూరెడు పొడుగు ముక్కలు కోయించి, మణికట్టు కంటే లావున్నదాన్నల్లా పేళ్ళుగా చీల్పిస్తాను. చీల్చని దుంగ ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటుంది, ఎందుకంటే బెరడు తడిని బయటికి పోనివ్వదు. కింద రాళ్ళు పేర్చి, నేలకు జానెడు ఎత్తులో, పేళ్ళ మధ్య గాలి ఆడేలా సందులిచ్చి పేరుస్తాం. పైన మాత్రమే రేకు. మొదటి ఏడాది నేను టార్పాలిన్‌తో నాలుగు పక్కలా చుట్టేశాను, తడవకూడదని. లోపల చెమట పట్టి బూజు వచ్చింది. పక్కలు తెరిచి ఉంచితే మాకు సముద్రపు గాలే సగం పని చేసి పెడుతుంది. సంక్రాంతి నుంచి మృగశిర కార్తె దాకా నాలుగైదు నెలల ఎండ తగిలితే చాలు. వానలు మొదలయ్యాక ఎండబెడదాం అనుకుంటే మాత్రం మళ్ళీ సంక్రాంతి దాకా ఆగాల్సిందే.

ఎండిందో లేదో తెలియాలంటే రెండు పేళ్ళు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో పగుళ్ళు విచ్చుకుని ఉండాలి. ఇంకా అనుమానముంటే నేను చేసే పని: ఒక పేడు మీద సుద్దతో గుర్తు పెట్టి, వారానికోసారి కొట్టులో కాటా మీద తూస్తాను. బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే.

ఏ కర్ర అంటే, నా ఓటు సరుగుడుకే. గట్టి కర్ర, వేడి ఎక్కువ, నిప్పు కూడా చాలాసేపు నిలుస్తుంది. చింత దొరికితే ఇంకేం కావాలి, కానీ చీల్చేవాడు రెట్టింపు కూలి అడుగుతాడు. జీడి కర్ర ఎండితే పర్వాలేదు. కొబ్బరి మాను లోపలంతా బెండు, దాని మీద నాకు నమ్మకం లేదు. కొబ్బరి మట్టలు, చిప్పలు రాజెయ్యడానికి బంగారం. పలాస వైపు నుంచి జీడిపిక్కల తొక్క చవగ్గా వస్తుందని కొందరు పొయ్యిలో పోస్తారు. వద్దు. ఆ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని పొక్కించే రకం. దాని పొగ కళ్ళకీ గొంతుకీ మంట. టిఫిన్ తినే చోట అసలే వద్దు.

ఇక పొయ్యి. మా పాత పొయ్యి మూడు పక్కల మట్టిగోడ, అంతే. కర్ర బూడిదలో కూరుకుపోయి మండేది. మా ఆయన ఇనప ఊచలు కోయించి, వేలెడు సందుతో జల్లెడలా అడుగున పెట్టాడు. దాని కింద గాలి వెళ్ళేందుకు, బూడిద తీసేందుకు చిన్న కన్నం. గాలి కింద నుంచి నిప్పుల్లోకి వస్తుంది. ఊచలకీ పాత్ర అడుగుకీ మధ్య జానెడు ఎత్తుంది. దగ్గరగా పెడితే మంట చల్లని పాత్రకు తగిలి మసి కడుతుంది, దూరం పెడితే వేడి అందదు. లోపలి మట్టిపూతకీ బయటి ఇటుకకీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదిలి పొడి బూడిద కూరాం. వేడి గోడల్లోకి పోకుండా ఆపేది అదే. పాత్ర చుట్టూ వేలు మందం సందు వదిలి మట్టి కట్ట కట్టుకుంటే మంట పక్కలని కూడా రాసుకుంటూ పోతుంది. వెనక పొంతకుండ ఉంది. పోయే వేడితోనే గిన్నెలు కడుక్కునే నీళ్ళు కాగుతాయి.

వెలిగించేటప్పుడు ముందు ఎండు మట్ట, చిప్పలు, సన్నపుల్లలు. పావుగంట గాలి కన్నం పూర్తిగా తెరిచి, పొయ్యి గోడలు బాగా కాలేలా గట్టిగా మండనివ్వాలి. ఈ పావుగంట దగ్గరే చాలామంది కక్కుర్తి పడతారు. నేనూ పడ్డాను. కర్ర ఎక్కువసేపు రావాలని మొదట్లోనే కన్నానికి ఇటుక అడ్డం పెట్టేదాన్ని. కర్ర నిలిచింది కానీ ఇడ్లీ ఉడకలేదు, పొగగొట్టంలోంచి నల్లటి తారు కారింది. పొయ్యి కాలాకే పెద్ద పేళ్ళు మూడు, మధ్యలో వేలు సందుతో దగ్గరగా పెట్టండి. ఒంటి పేడు తనంతట తాను మండదు, పక్కనున్న దాని వేడి దానికి కావాలి. మూడూ బాగా అంటుకుని, ఎర్రటి నిప్పు పట్టాక ఇటుకతో కన్నం సగం మూస్తాను. అప్పుడు మంట నెమ్మదిస్తుంది, పొగ మాత్రం రాదు. పొగ వచ్చిందా, ఇటుక కాస్త వెనక్కి లాగాలి. తర్వాత ముప్పావుగంటకో పేడు చాలు. ఒకేసారి పొయ్యి నిండా కుక్కితే మంట ఉక్కిరిబిక్కిరై పొగే మిగులుతుంది.

గొట్టం వైపు చూస్తే సంగతంతా తెలుస్తుంది. పావుగంట తర్వాత పొగ కంటికి ఆనకూడదు. తెల్లగా వస్తుంటే కర్రలో తడి ఉంది. నల్లగా వస్తుంటే గాలి చాలలేదు, లేదా కర్ర ఎక్కువైంది. ఈ పద్ధతిలో ఇదివరకు రోజుకు పద్దెనిమిది కిలోలు తినే పొయ్యి ఇప్పుడు పదకొండు, పన్నెండు కిలోలతో సరిపెట్టుకుంటోంది. కాటా నాదే, కాబట్టి లెక్కలో మోసం లేదు.

పని అయ్యాక నిప్పులు నీళ్ళు పోసి ఆర్పను. ఓ మూలకి పోగు చేసి మెత్తటి బూడిద కప్పుతాను. సాయంత్రం బజ్జీల వేళకి నివురు తోసి, కొబ్బరి పీచు వేసి, ఊదుగొట్టంతో నాలుగు ఊదులు ఊదితే చాలు. మా పొయ్యి తెరిచిన పాకలో ఉంది కాబట్టి ఇది చేస్తాను. తలుపులేసుకుని పడుకునే గదిలో నిప్పులు ఉంచకండి. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, గొట్టంలో గోనెగుడ్డ కట్టిన వెదురు బొంగు ఆడించి మసి దులపాలి. ఈ పని మా ఆయనది. ఆదివారం అని చెప్పి మూడు ఆదివారాలు దాటిస్తాడు, అందుకే ఇప్పుడు గోడ మీద కేలండర్లో తేదీ చుట్టి పెట్టాను.