మట్టికట్టల పని – 5వ పాఠం: ఆ 101 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను: కట్ట మీద రోలర్‌తో బిగించిన మట్టి పొర సాంద్రత, పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో ఎంత శాతం, ఆ పొర పాసైందా? మీరు పంపిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే: 101 శాతం, పొర పాసైంది. కాలేదు. అందుకే ఈసారి చెప్పాల్సిన రోలర్ల పాఠాన్ని వాయిదా వేసి ఇక్కడే ఆగుతున్నాను.

ప్రాక్టర్ పరీక్షలో, అంటే మట్టిని అచ్చులో పోసి దిమ్మిసతో కొట్టి ఎంత గట్టిగా బిగుస్తుందో చూసే పరీక్షలో, గరిష్ఠ పొడి సాంద్రత (నీటి బరువు తీసేసి లెక్కగట్టినది) ఘన సెంటీమీటరుకు 1.90 గ్రాములు. కట్ట మీద గొయ్యి తీసి కొలిస్తే 1.92. మీ భాగహారం సరిగానే ఉంది, కానీ ఆ రెండు అంకెలూ ఒకే సరుకువి కావు. అచ్చులో పోసే ముందు మట్టిని 19 మిల్లీమీటర్ల జల్లెడ పట్టారు, రాళ్లు బయటే ఉండిపోయాయి. గొయ్యిలోంచి తీసిన సరుకులో మాత్రం బరువులో పాతిక శాతం రాళ్లున్నాయి. ఆ మాట ప్రశ్నలోనే ఉంది. రాయి సాంద్రత 2.65. రోలర్ ఒక్కసారి కూడా తిరగకపోయినా రాయి బరువు రాయికి ఉంటుంది. మీరు దాన్ని రోలర్ ఖాతాలో జమ వేశారు.

ఒక గ్రాము మిశ్రమం తీసుకోండి. అందులో మట్టి 0.75 గ్రాము, 1.90తో భాగిస్తే అది పట్టే చోటు 0.395 ఘన సెంటీమీటరు. రాయి 0.25 గ్రాము, 2.65తో భాగిస్తే 0.094. మొత్తం 0.489. ఒకటిని దీనితో భాగిస్తే 2.045. మీ 1.92ను పోల్చాల్సింది దీనితో. వచ్చేది 93.9 శాతం. రోడ్డు కట్టకు 95 కావాలి.

ఇంకో వైపు నుంచి చూడండి. గొయ్యిలో రాళ్ల బరువునూ వాటి చోటునూ తీసేస్తే మిగిలిన మట్టి సాంద్రత 1.76. అంటే రాళ్ల సందుల్లో ఉన్న మట్టి 93 శాతం కూడా బిగుసుకోలేదు. చెరువు కట్టలో నీరు దారి చేసుకునేది ఆ మట్టిలోంచే.

తిరుపతి చుట్టుపక్కల పనిచేసేవారికి ఈ చిక్కు రోజూ ఉండేదే. శేషాచలం కొండల పాదాల దగ్గర తవ్వితే మట్టితో పాటు క్వార్ట్‌జైట్ ముక్కలు వస్తాయి. చిత్తూరు వైపు ఎర్రమట్టిలో గ్రానైట్ ముక్కలు. ఒకే గుంతలోంచి పొద్దున వచ్చిన టిప్పర్‌లో రాళ్లు పది శాతం, మధ్యాహ్నం వచ్చినదాంట్లో ముప్పై. అందుకని నేను పని మొదలైన రోజే ఒక అట్ట మీద రాసి డేరాలో వేలాడదీస్తాను: రాళ్లు 0 అయితే 1.90, 10 శాతానికి 1.955, 20కి 2.014, 30కి 2.076. గొయ్యి తీసిన ప్రతిసారీ ఆ సరుకును జల్లెడ పట్టి, రాళ్లు తూచి, అట్ట చూడటమే. మట్టి మారితే అట్ట మార్చాలి.

తేమ దగ్గరా ఇదే పొరపాటు. చంద్రగిరి దగ్గర ఒక చెరువు కట్ట మీద, రాళ్లు తీసేసిన మట్టికి కావలసిన తేమ 10 శాతం, రాళ్లతో కలిపి కొలిస్తే 7.8 వచ్చింది. వెంటనే నీళ్ల ట్యాంకర్ రప్పించారు. నాలుగో వంతు రాళ్లు, రాయి పీల్చేది ఒక శాతమే. ఆ మిశ్రమానికి కావలసింది 7.75. మట్టి అప్పటికే సరిగ్గా ఉంది. నీళ్లు పడ్డాక రోలర్ ముందు నేల పరుపులా పొంగి వెనక కుంగింది, డ్రమ్ముకు బురద అంటుకుంది. ఆ పొరను మళ్లీ పెళ్లగించి ఆరబెట్టడానికి రెండు రోజులు పట్టింది.

కోర్ కట్టర్ (మట్టిలోకి దిగ్గొట్టి నమూనా తీసే ఉక్కు గొట్టం) రాళ్ల మట్టిలో దిగదు, దాని సంగతి వదిలేయండి. గొయ్యి నిండటానికి ఎంత ఇసుక పట్టిందో చూసి దాని చోటు కొలిచేటప్పుడు గొయ్యి గోడలోంచి సగం బయటికి వచ్చిన రాయి కనబడుతుంది. చేత్తో కదిపితే వచ్చేదైతే తీసి సరుకుతో పాటు తూచండి. గడ్డపారతో పెకలిస్తే చుట్టూ మట్టి వదులవుతుంది. అప్పుడు ఆ గొయ్యి వదిలి మరొకటి తీయండి. ఇసుక పోసేంతసేపూ దగ్గర్లో రోలర్ ఆగి ఉండాలి. అదురుకు ఇసుక సర్దుకుని ఎక్కువ దిగుతుంది, గొయ్యి ఉన్నదానికంటే పెద్దదిగా లెక్కకొస్తుంది.

రాళ్లనూ మట్టినీ కలిపి వేసిన పై సూత్రానికి హద్దుంది. 19 మిల్లీమీటర్ల జల్లెడ మీద 30 శాతం మించి ఆగితే వాడకండి. అక్కడి నుంచి రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని రోలర్ బరువును తామే మోస్తాయి, సందుల్లో మట్టి వదులుగానే ఉండిపోతుంది. అలాంటి సరుకుకు ముందుగా నమూనా పట్టీ (పరీక్ష కోసం కొద్ది మేర పరిచే పొర) వేయాలి: గుర్తు పెట్టిన చోట్ల రోలర్ రెండేసి విడతలు తిరిగాక ఒకసారి లెవెల్ చూసి, కుంగడం ఆగిన విడతల సంఖ్యను ఖాయం చేసుకుని, కట్ట మీద అన్నే విడతలు తిప్పించాలి.

అభ్యాసం: ప్రాక్టర్ సాంద్రత 1.94, రాయి సాంద్రత 2.68. మూడు గోతుల్లో రాళ్లు 12, 24, 36 శాతం; కొలిచిన పొడి సాంద్రతలు 1.95, 1.96, 2.11. ఏది 95 దాటింది, ఏది దాటలేదు, దేనికి ఈ లెక్క అసలు వేయకూడదు? ప్రతి గొయ్యిలో రాళ్ల మధ్య మట్టి సాంద్రత కూడా విడిగా రాసి పంపండి.