ట్రాక్‌కు ఎంత, చేతికి ఎంత

తిరుపతిలో పెళ్లిళ్లకు, గంగమ్మ జాతర స్టేజీలకు కీబోర్డు వాయిస్తాను. కొత్త పిల్లలకు గట్టిగా చెబుతాను: పాట మొత్తం ట్రాక్‌లో (ముందే రికార్డు చేసుకున్న సంగీతంలో) వదిలి మీటల మీద వేళ్లు ఆడించొద్దు. కోరస్, వయొలిన్ల గుంపు ట్రాక్‌లో ఉండనీ. కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు), లీడ్ బిట్లు (ముందుకు వినిపించే ట్యూన్ ముక్కలు) చేత్తోనే పలకాలి.

ట్రాక్‌లో ఎడమ ఛానల్‌కు క్లిక్ (లయ చెప్పే టిక్ టిక్ శబ్దం), కుడి ఛానల్‌కు సంగీతం పెట్టండి. క్లిక్ డ్రమ్మర్ ఇయర్‌ఫోన్‌కే వెళ్లాలి, కుడిది మాత్రమే మిక్సర్‌కు. ఫోన్‌లోంచి వేస్తే ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి.

అసలు చిక్కు శ్రుతి దగ్గర. గాయని గొంతు పట్టేసి 2 శ్రుతి నుంచి ఒకటిన్నరకు దించమంటుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) మైనస్ 1 నొక్కితే చాలు, అర శ్రుతి దిగుతుంది; కానీ ట్రాక్ దానంతటది దిగదు. అందుకే ప్రతి ట్రాక్‌కూ అర శ్రుతి తగ్గించిన ఫైల్ ఇంకొకటి ఇంట్లోనే చేసుకోండి.

అన్నమయ్య కీర్తనలకు మాత్రం ట్రాక్ వద్దే వద్దు. పల్లవి మీద నిలబడి సంగతులు (అదే వరుసను రకరకాలుగా మార్చి పాడటం) వేస్తున్న మనిషి కోసం ట్రాక్ ఆగదు. పాడేవాళ్ల ముఖం చూస్తూ కార్డ్ పట్టి ఉంచండి, వాళ్లు ఊపిరి తీసుకున్నాకే మార్చండి.

కరెంటు పోయి జనరేటర్‌కు మారేటప్పుడు ట్రాక్ వేసే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, కీబోర్డు ఆరిపోతుంది. కీబోర్డుకో చిన్న యూపీఎస్ పెట్టండి.