పెంపుడు స్కింక్: లక్షణం కనిపిస్తే కారణం ఎక్కడ వెతకాలి

నలికిరి కుటుంబానికి చెందిన స్కింక్‌లలో పెంపకానికి ఎక్కువ మంది ఎంచుకునేది నీలి నాలుక స్కింక్. పెద్దదైతే 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. సరీసృపాలన్నిటిలాగే ఇదీ జబ్బును దాచుకుంటుంది. మన కంటికి లక్షణం కనబడే సరికి కారణం మొదలై చాలా రోజులు అయి ఉంటుంది. ఆ కారణం కూడా చాలాసార్లు పెట్టె అమరికలోనే దొరుకుతుంది. కాబట్టి మందుల జోలికి వెళ్ళే ముందు వేడి, తేమ, వెలుతురు కొలవండి. ఈ వ్యాసంలో అంకెలన్నీ నీలి నాలుక స్కింక్‌కు సంబంధించినవి. వేరే రకం పెంచుతున్నవారికి తేడాలు అక్కడక్కడా చెబుతాను.

ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే నీరసపడింది

దీని కారణం చాలావరకు కొనుగోలులోనే ఉంటుంది. ఆస్ట్రేలియా తన స్థానిక వన్యప్రాణులను వ్యాపారం కోసం బయటకు పంపనివ్వదు. అందువల్ల ఇతర దేశాల్లో న్యాయంగా అమ్మే ఆస్ట్రేలియా రకం స్కింక్‌లు పెంపకంలో పుట్టినవే అయి ఉండాలి. ఇండోనేషియా రకాల సంగతి అలా కాదు. వాటిలో అడవిలో పట్టి ఎగుమతి చేసినవి చాలా ఉంటాయి. ప్రయాణంలో నీరు లేక ఎండిపోయి, కడుపులో పురుగులతో, ఒంటి మీద మైట్స్ అనే రక్తం పీల్చే సన్నటి పురుగులతో అవి మన చేతికి వస్తాయి. ధర తక్కువగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే.

అప్పటికే తెచ్చేసి ఉంటే దాన్ని మిగతా జంతువులకు దూరంగా, వేరే గదిలో, కాగితపు తువ్వాళ్ళు పరిచిన పెట్టెలో కనీసం రెండు మూడు నెలలు ఉంచండి. తాజా మలాన్ని సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యులకు ఇచ్చి పరీక్ష చేయించండి. పురుగులు ఉన్నాయో లేవో తెలియకుండా మందు పోయకండి.

ఇంకా కొననివారికి పని సులువు. కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయా, తోక మొదలు బొద్దుగా ఉందా, తుంటి ఎముకలు పొడుచుకు వచ్చాయా, మలద్వారం చుట్టూ శుభ్రంగా ఉందా చూడండి. ఒక్కో కాలి వేళ్ళు లెక్కపెట్టండి. చేతిలోకి తీసుకుంటే ఆరోగ్యమైన స్కింక్ బరువుగా అనిపిస్తుంది, కాళ్ళతో గట్టిగా తోస్తుంది. ఎక్కడ పుట్టింది, ఏం తింటోంది, ఏ ఉపజాతి అని అడిగినప్పుడు అమ్మేవారు సూటిగా చెప్పలేకపోతే కొనకండి. మీరున్న చోట ఆ జాతిని పెంచడానికి అనుమతి కావాలేమో కూడా ముందే కనుక్కోండి.

తినడం మానేసింది

అందరినీ ముందుగా కంగారుపెట్టేది ఇదే. అందరూ చేసే పొరపాటు కూడా ఒకటే: గిన్నెలోని తిండి మార్చి మార్చి పెట్టడం. స్కింక్ శరీరానికి సొంత వేడి లేదు. బయటి నుంచి వేడి అందకపోతే పొట్టలో ఆహారం అరగదు, అరగనప్పుడు ఆకలీ వేయదు.

ఎండ కాచుకునే రాయి లేదా చెక్క పైభాగం 38 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. చల్లటి వైపు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. పెట్టె గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటర్ చూపేది ఆ మూలలోని గాలి వేడిని మాత్రమే. జంతువు పొట్ట ఆనేది రాయికి, కాబట్టి కొలవాల్సింది ఆ రాతినే. తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను రాతి నడుమకు గురిపెట్టి ఒకసారి, అంచున ఒకసారి చూడండి. నడుమ 40, అంచున 31 వచ్చిందనుకోండి, వేడి మచ్చ మరీ చిన్నదన్నమాట. స్కింక్ తల కాగుతుంది, నడుము చల్లగా ఉండిపోతుంది. వేడినిచ్చే దీపాన్ని కాస్త పైకి జరిపి ఎక్కువ వాట్ల బల్బు పెట్టినా, పక్కపక్కనే రెండు బల్బులు అమర్చినా ఒళ్ళంతటికీ వేడి అందుతుంది. ఏ వేడి పరికరానికైనా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ గానీ డిమ్మర్ గానీ ఉండాల్సిందే. వేడి రాళ్ళ పేరుతో అమ్మే విద్యుత్ రాళ్ళు మాత్రం వద్దు. వాటి మీద పడుకుని పొట్ట కాలిపోయినా స్కింక్ లేచి పోదు.

వేడి సరిగ్గానే ఉంటే ఇంకా కొన్ని కారణాలు చూడాలి. కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం రెండు వారాలు తినకపోవడం మామూలే. చేతిలోకి తీసుకోకుండా, దాక్కునే చోటు ఇచ్చి వదిలేయండి. కుబుసం విడిచే ముందు, జత కట్టే కాలంలో మగవి, చలికాలంలో పెద్దవి తిండి తగ్గిస్తాయి. ఇది సహజమా, జబ్బా అన్నది బరువే చెబుతుంది. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి రాసుకోండి. నెల రోజులు తినకపోయినా బరువు నిలకడగా ఉన్న పెద్ద స్కింక్ గురించి భయపడక్కరలేదు. బరువులో పదో వంతు తగ్గితే, లేదా పిల్ల స్కింక్ వారం పాటు ముట్టకపోతే వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి. తిన్నది కక్కేస్తే మాత్రం బరువు కోసం ఆగకండి.

కుబుసం వేళ్ళకు అంటుకుపోయింది

గాలిలో తేమ చాలకపోతే ఇలా జరుగుతుంది. ఉత్తర ఆస్ట్రేలియా రకానికి 40 నుంచి 60 శాతం తేమ సరిపోతుంది. ఇండోనేషియా రకాలకు 60 నుంచి 80 శాతం కావాలి. ఉపజాతి తెలియకుండా కొన్నవారు ఇబ్బంది పడేది ఇక్కడే.

అంటుకున్న కుబుసం వేలి చుట్టూ బూడిదరంగు ఉంగరంలా కనిపిస్తుంది. అది ఎండేకొద్దీ బిగుసుకుని రక్తం ఆపేస్తుంది. చివరికి వేలు నల్లబడి రాలిపోతుంది. లోతు తక్కువ గిన్నెలో గోరువెచ్చటి నీరు స్కింక్ మోచేతులు మునిగేంత పోసి పావుగంట ఉంచండి, పక్కనే ఉండండి. తర్వాత తడి దూది పుల్లను వేలి మొదలు నుంచి గోరు వైపుకు మెల్లగా దొర్లించండి. మెత్తబడిన పొర ముడతపడి చొక్కా చేతిలా జారి వస్తుంది. రాకపోతే గోళ్ళతో లాగకండి, రేపు మళ్ళీ నానబెట్టండి. వేలు అప్పటికే వాచినా, రంగు మారినా ఇంటి వైద్యం ఆపేయాలి. తోక కొననూ చెవి రంధ్రాలనూ కూడా చూడండి. మళ్ళీ రాకుండా ఉండాలంటే తడి నాచు పెట్టిన దాక్కునే డబ్బా ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉంచండి.

ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి

ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రాత్రి చలి, గాలి ఆడని తడి పెట్టె కలిస్తే ఇది త్వరగా పట్టుకుంటుంది. పెట్టెను పొడిగా చేసి, పగలూ రాత్రీ వేడి తగ్గకుండా చూస్తూ వెంటనే పశువైద్యులను కలవండి. యాంటీబయాటిక్ లేకుండా ఇది తగ్గుతుందని ఎదురుచూడకండి. మట్టి తవ్వాక ఒకటి రెండు తుమ్ములు మాత్రం దుమ్ము వల్లే.

కాళ్ళు వణుకుతున్నాయి, దవడ మెత్తబడింది

ఎముకల్లో కాల్షియం కరిగిపోతున్న గుర్తు ఇది. కాల్షియం ఇస్తున్నా రావచ్చు, ఎందుకంటే దాన్ని ఒంటికి పట్టించేది డి3 విటమిన్, అది చర్మంలో తయారయ్యేందుకు ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ గాజు యూవీబీని అడ్డుకుంటుంది కాబట్టి కిటికీ పక్కన పెడితే చాలదు. యూవీబీ బల్బు వెలుగుతున్నట్టే కనిపించినా నెలలు గడిచేకొద్దీ కిరణాలు తగ్గిపోతాయి. తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఏడాదికి, మార్చేయండి. పెట్టెలో సగం పొడవైనా ఉండే ట్యూబు మంచిది.

తిండిలో దాదాపు సగం ఆకుకూరలు, కూరగాయలు ఉండాలి. మిగతా దానిలో ఎక్కువ భాగం పురుగులు, గుడ్డు, కొవ్వులేని మాంసం వంటివి, కొంచెమే పండు. పిల్ల స్కింక్‌లకు రోజు విడిచి రోజు, పెద్దవాటికి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చల్లండి. పాలకూర తరచుగా పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో పెట్టకూడదు. వణుకు మొదలయ్యాక మాత్రం బల్బు మార్చి కూర్చోకండి, ఎక్స్‌రే, చికిత్స అవసరం. వంగిన ఎముక మళ్ళీ తిన్నగా కాదు.

నీళ్ళ గిన్నెలో నల్లటి చుక్కలు

ఇవి మైట్స్. రక్తం పీలుస్తాయి, కళ్ళ అంచుల్లో, చెవుల్లో, చంకల్లో దూరతాయి. స్కింక్ గంటల తరబడి నీళ్ళలో కూర్చుంటే అనుమానించండి. తెల్ల కాగితం మీద ఉంచి చేత్తో మెల్లగా నిమిరితే మిరియపు పొడి రాలినట్టు పడి కదులుతాయి.

అడుగున పరిచినదంతా పారేయండి. చెక్క ముక్కల పగుళ్ళలో గుడ్లు ఉంటాయి కాబట్టి వాటినీ వదులుకోవడమే మేలు. పెట్టెను వేడి నీళ్ళతో కడిగి కాగితం పరిచి, కాగితాన్ని రోజూ మార్చండి. మందు వైద్యులు చెప్పినదే, చెప్పినంతే వాడండి. కుక్కలకు, పిల్లులకు వాడే పేలమందు స్కింక్ ప్రాణం తీయగలదు. మైట్స్ మాయమైనట్టు కనిపించాక కూడా గుడ్లు పొదిగే గడువు దాటేదాకా చికిత్స ఆపకూడదు.

తోకకు, కాళ్ళకు గాయాలు

ఒకే పెట్టెలో రెండు ఉంటే కారణం అదే. నీలి నాలుక స్కింక్ ఒంటరి జీవి. ఈ రోజే వేరు చేయండి.

బుస కొడుతుంది, ఒళ్ళు చదును చేసి నాలుక చూపిస్తుంది

ఇది జబ్బు కాదు, భయం. ఆ నీలి నాలుక శత్రువును బెదరగొట్టేందుకే. పై నుంచి వచ్చే చేయి దానికి వేటాడే పక్షితో సమానం. పక్క నుంచి, నెమ్మదిగా చేయి ఆనించి పొట్ట కిందకు జార్చండి, నాలుగు కాళ్ళకూ ఆధారం ఇవ్వండి. రోజుకు పది నిమిషాలు దాటించకండి. సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకే అవకాశం ఉంది కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లల చేతా కడిగించండి.

ఎర్రకళ్ళ మొసలి స్కింక్ అయితే ఈ పద్ధతి పనికిరాదు. న్యూగినీ తడి అడవులకు చెందిన ఆ చిన్న జీవి భయపడితే బిగుసుకుపోతుంది, అరుస్తుంది. దానికి పైన చెప్పిన వేడి ప్రాణాంతకం, 24 నుంచి 28 డిగ్రీలు, బాగా తడి గాలి కావాలి. ఎంత మచ్చిక చేసినా పట్టుకోవడాన్ని ఇష్టపడదు. చేతిలో పట్టుకుని ఆడించాలని కోరిక ఉన్నవారు దాన్ని కొనకండి.