ఐస్ హాకీలో ప్రమాదకరమైన హిట్‌ను అంచనా వేయడం – 3వ పాఠం: తలకు తగిలిన దెబ్బ

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. రింక్ (మంచు మైదానం) గోడకు రెండు మూడు అడుగుల దూరంలో ఉన్న ఆటగాణ్ణి వెనక నుంచి గోడకేసి నెట్టిన హిట్ (ఒంటితో ఢీకొట్టడం) అది. "వీపు ఎప్పుడు తిరిగింది?" అని ఒక్కటే ప్రశ్న అడిగాను. నెట్టేవాడు దగ్గరికి వస్తున్నంతసేపూ ఎదుటివాడి వీపు మీది నంబరు కనిపిస్తూనే ఉంటే, బాధ్యత నెట్టినవాడిదే. ఆగడానికో, కనీసం వేగం తగ్గించుకోవడానికో అతనికి టైం ఉంది. అలా కాకుండా ఆఖరి క్షణంలో ఎదుటివాడే తిరిగి ఉంటే, ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని ప్రధాన ఐస్ హాకీ లీగ్) రూల్ 41 చెప్పేది ఇదే. ఈ ప్రశ్న ఇవాళ కూడా మనకు పనికొస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి.

ఈ పాఠం తల గురించి. ఎన్‌హెచ్‌ఎల్‌లో తలకు తగిలే అక్రమ హిట్ల కోసం రూల్ 48 ఉంది. అది ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని వాడటం సులువవుతుంది.

2009 అక్టోబర్ 24న ఫిలడెల్ఫియా ఆటగాడు మైక్ రిచర్డ్స్ భుజం ఫ్లోరిడా ఆటగాడు డేవిడ్ బూత్ తలకు తగిలింది. బూత్‌ను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. రిచర్డ్స్‌కు సస్పెన్షన్ పడలేదు. 2010 మార్చి 7న పిట్స్‌బర్గ్‌లో బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్ షాట్ కొట్టి ఇంకా నిలదొక్కుకోకముందే, అతను చూడని వైపు నుంచి వచ్చిన మ్యాట్ కుక్ భుజంతో తలకు కొట్టాడు. కుక్‌కు కూడా సస్పెన్షన్ లేదు. మోచెయ్యి ఎత్తితే తప్పు, ఎగిరి కొడితే తప్పు. భుజంతో తలను కొట్టడం తప్పని మాత్రం అప్పటి రూల్ పుస్తకంలో ఎక్కడా లేదు. పైగా రిచర్డ్స్‌ను వదిలేశాం కాబట్టి కుక్‌నూ వదిలేయాలి, నిలకడ అంటే అదే కదా అన్న వాదన నడిచింది.

ఆ వాదన నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మొదటిసారి చేసిన తప్పునే రెండోసారీ చేస్తే దాన్ని నిలకడ అనుకున్నారు. సవార్డ్ ఆ సీజన్ చివర్లో తిరిగొచ్చాడు కానీ, 2011 జనవరిలో ఇంకో హిట్ తగిలాక మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు.

కుక్ హిట్ జరిగిన నెలలోనే లీగ్ తాత్కాలికంగా ఒక నిబంధన తెచ్చింది. 2010–11 సీజన్‌కు రూల్ 48 పుస్తకంలోకి ఎక్కింది. మొదట్లో అది పక్క నుంచీ, చూడని వైపు నుంచీ వచ్చే హిట్లకే వర్తించేది. ఏడాది తర్వాత ఆ షరతు తీసేశారు. 2013–14లో మాటలు మళ్లీ మార్చారు, మనం నేర్చుకునేది ఆ రూపమే. 2011లో బ్రెండన్ షానహాన్ నాయకత్వంలో ప్లేయర్ సేఫ్టీ విభాగం ఏర్పడింది. ప్రతి సస్పెన్షన్‌కూ కారణాలు చెబుతూ వీడియో పెట్టడం అప్పుడే మొదలైంది. 2017 నుంచి ఆ విభాగాన్ని జార్జ్ పారోస్ చూస్తున్నాడు. ఆ వీడియోలే మన పాఠ్యపుస్తకం. లీగ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఇక పనిలోకి దిగుదాం.

రూల్ 48 రెండు ప్రశ్నల మీద నిలబడింది. హిట్ ప్రధానంగా తగిలింది తలకేనా? తలకు తగలకుండా తప్పించే వీలు ఉందా? రెండింటికీ "అవును" వస్తేనే తప్పు. తలకు తగిలిన ప్రతి హిట్టూ అక్రమం కాదు. కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మొదటి ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొట్టినవాణ్ణి చూడకండి, దెబ్బ తిన్నవాడి తలనూ ఛాతీనీ చూడండి. ఛాతీ, భుజాలు ముందు వెనక్కి వెళ్లి తల వాటి వెంట కదిలితే, బలం ఒంటిమీద పడిందన్నమాట. మొండెం దాదాపు ఉన్నచోటే ఉండి, తల ఒక్కటే గిర్రున తిరిగినా, విసురుగా వెనక్కి వాలినా, బలం తల మీద పడినట్టు. ముందు ఎక్కడ తాకింది అన్నదాని కంటే బలం ఎక్కడ పడింది అన్నదే ముఖ్యం. భుజానికి కాస్త రాసుకుని తలను బలంగా కొట్టినా అది తలకు తగిలిన హిట్టే.

రెండో ప్రశ్నకు ఇప్పుడు కొట్టినవాడి వైపు తిరగండి. అతను ఏ దారిలో వచ్చాడు? ఎదుటివాడి ఛాతీ మధ్యకు సూటిగా వచ్చాడా, లేక ఒంటిని వదిలేసి ముందు భాగాన్ని కోసుకుంటూ పోయే దారి పట్టాడా? రెండో రకం దారిలో అందేది తల ఒక్కటే. తాకే ముందు ఒంటిని అవసరం లేకుండా పైకి లేపాడా, భుజాన్ని బయటికి చాచాడా? తర్వాత ఎదుటివాడి వైపు చూడండి: ఆఖరి క్షణంలో తల కిందికి దించాడా, ఒంటి దిశ మార్చాడా? ముందు నుంచీ వంగే ఉన్నవాడికీ, తాకే క్షణంలో వంగినవాడికీ తేడా ఉంది. వీపు ఎప్పుడు తిరిగింది అన్న మన పాత ప్రశ్న ఇక్కడ "తల ఎప్పుడు దిగింది?" అవుతుంది.

స్లో మోషన్ విషయంలో ఒక జాగ్రత్త. ఎక్కడ తాకిందో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. ఉద్దేశం తెలుసుకోవడానికి మాత్రం వాడకండి. నిజంగా అర సెకను కూడా పట్టని కదలికను నాలుగు సెకన్లకు సాగదీస్తే, ఎవరి హిట్ అయినా కావాలని కొట్టినట్టే కనిపిస్తుంది. అందుకే మొదటిసారి మామూలు వేగంతో చూడండి, తర్వాత నెమ్మదిగా రెండుసార్లు, చివర్లో మళ్లీ మామూలు వేగంతో ఒకసారి.

తప్పేనని తేలాక సంఖ్య దగ్గరికి వస్తాం, అంటే ఎన్ని మ్యాచ్‌ల సస్పెన్షన్ అన్నది. ఆటగాళ్లతో లీగ్‌కు ఉన్న ఒప్పందం ప్రకారం హిట్ రకం, ఉద్దేశం లేదా నిర్లక్ష్యం, గాయం, పాత చరిత్ర, ఆట ఏ దశలో ఉంది అన్నవి చూస్తారు. ఇందులో పాత చరిత్రే సంఖ్యను అమాంతం పెంచుతుంది. రాఫీ టోరెస్‌ను చూడండి. 2012 ప్లేఆఫ్స్‌లో మారియన్ హోసాను కొట్టినందుకు 25 మ్యాచ్‌లు వేశారు, అప్పీల్‌లో అది 21కి తగ్గింది. 2015లో యాకోబ్ సిల్ఫ్‌వర్‌బర్గ్ తలకు కొట్టినందుకు 41 పడ్డాయి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో అది సరిగ్గా సగం.

డబ్బు లెక్క కూడా నేర్చుకుందాం. వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్ 2018 సెప్టెంబర్ 30న ప్రీసీజన్ మ్యాచ్‌లో సెయింట్ లూయిస్ ఆటగాడు ఆస్కార్ సుంద్‌క్విస్ట్‌ను కొట్టాడు. 105 మ్యాచ్‌ల వ్యవధిలో విల్సన్‌కు అది నాలుగో సస్పెన్షన్, అందుకే 20 మ్యాచ్‌లు వేశారు. అప్పటి లెక్కలో, గత 18 నెలల్లో సస్పెండ్ అయినవాడి వార్షిక జీతాన్ని 82తో భాగించేవాళ్లు. విల్సన్‌కు ఏడాదికి సగటున సుమారు 51,66,666 డాలర్లు, కాబట్టి మ్యాచ్‌కు దాదాపు 63,000. ఇరవై మ్యాచ్‌లకు 12 లక్షల 60 వేల డాలర్లు. అదే అతను మొదటిసారి తప్పు చేసినవాడైతే, 82తో కాకుండా ఆ సీజన్‌లో ఉన్న 186 రోజులతో భాగించేవాళ్లు, అంటే మ్యాచ్‌కు 28,000 కన్నా తక్కువ. కోత పెట్టిన డబ్బు లీగ్ జేబులోకి పోదు, ఆటగాళ్ల అత్యవసర సహాయ నిధికి వెళ్తుంది.

కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఆ 20ని సమర్థించాడు. కమిషనర్ తీర్పు తర్వాత కూడా శిక్ష 6 మ్యాచ్‌లు, అంతకు మించి ఉంటే తటస్థ మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. మధ్యవర్తి శ్యామ్ దాస్ నవంబర్‌లో దాన్ని 14కు తగ్గించాడు. అప్పటికే విల్సన్ 16 మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. జీతంలో 3,78,000 డాలర్ల దాకా వెనక్కి వచ్చాయి కానీ, ఆ రెండు మ్యాచ్‌లు తిరిగి రాలేదు. అప్పీళ్లు ఇంత నెమ్మదిగా నడవడం ఆటగాడికీ న్యాయం కాదని నా అభిప్రాయం.

వార్తలు చదివేటప్పుడు ఒక గుర్తు పట్టుకోండి. విచారణ ఫోన్‌లో జరిగితే సస్పెన్షన్ 5 మ్యాచ్‌లు దాటదు. స్వయంగా హాజరు కమ్మంటే 6 లేదా అంతకన్నా ఎక్కువ వేసే వీలు ఉంటుంది. వేస్తారని మాత్రం కాదు. 2024 ఫిబ్రవరిలో టొరంటో డిఫెన్స్‌మన్ మోర్గన్ రైలీకి అలాంటి పిలుపే వచ్చింది. రిడ్లీ గ్రీగ్ తలకు కర్రతో కొట్టినందుకు పడింది 5 మ్యాచ్‌లే.

అన్నిటికన్నా కష్టమైనది గాయం. మొదట్లో నేను హిట్ చూడగానే ఆ ఆటగాడు లేచాడా లేదా అని చూసేవాణ్ణి. లేస్తే రెండు మ్యాచ్‌లు, లేవకపోతే పది అనుకునేవాణ్ణి. అలా చేస్తే మనం కొలిచేది హిట్‌ను కాదు, దెబ్బ తిన్నవాడి అదృష్టాన్ని. ఒకే దారిలో, ఒకే వేగంతో తలకు కొట్టిన రెండు హిట్లలో ఒకడు లేచి స్కేట్ చేసుకుంటూ పోవచ్చు, ఇంకొకడికి కంకషన్ (దెబ్బ వల్ల మెదడుకు అయ్యే గాయం) అయి నెలల తరబడి వెలుతురు పడక చీకటి గదిలో పడుకోవచ్చు. కొట్టినవాడు చేసింది మాత్రం ఒకటే. గాయాన్ని లెక్కలోకి తీసుకోమని ఒప్పందమే చెబుతోంది కాబట్టి దాన్ని వదిలేయలేం. కానీ చివర్లో కలపండి. ముందు హిట్‌కు ఒక సంఖ్య రాయండి, దాని కింద గీత గీయండి, ఆ తర్వాతే గాయం వార్త చదవండి. గాయం వల్ల ఎన్ని పెంచారో ఆ గీత కింద విడిగా కనిపించాలి. అభిమానులు "ఈ లీగ్‌కు నిలకడ లేదు" అని కోప్పడినప్పుడల్లా, ఆ గీత కనిపించకపోవడమే చాలావరకు కారణమని నాకనిపిస్తుంది. రెండు కేసుల్లో సంఖ్యలు ఒకటే కానక్కర్లేదు, రెంటినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడిగారా అన్నదే నేను చూస్తాను.

ఈ పాఠానికి అభ్యాసం. ప్లేయర్ సేఫ్టీ విభాగం పెట్టిన వీడియోల్లో తలకు తగిలిన హిట్ ఉన్నవి మూడు ఎంచుకోండి. కనీసం ఒకటి మీ అభిమాన జట్టు ఆటగాడు కొట్టింది అయి ఉండాలి, అక్కడే చెయ్యి వణుకుతుంది. సౌండ్ ఆపేసి చూడండి. బలం ఎక్కడ పడింది, ఏ దారిలో వచ్చాడు, ఒళ్లు లేపాడా, ఎదుటి తల ఎప్పుడు దిగింది, ఎన్ని మ్యాచ్‌లు: అయిదు లైన్లు రాసి గీత గీయండి. అప్పుడు సౌండ్ పెట్టి వాళ్లు చెప్పిన కారణాలతో పోల్చండి. సంఖ్యలో రెండు మూడు తేడా వచ్చినా పరవాలేదు. మొదటి నాలుగు లైన్లలో తేడా వస్తే మాత్రం ఆ వీడియోను మళ్లీ మామూలు వేగంతో చూడండి.

4వ పాఠంలో పక్ (బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ల) వదిలేశాక ఆలస్యంగా వచ్చే హిట్లు చూద్దాం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ సిద్ధంగా పెట్టుకోండి.